ఇంటికొక గొంతు

ట్రీజెన్‌బెర్గ్ కొండవాలు మీద బుర్గా గాస్నర్ ఇల్లు సగం ఇల్లే. మిగతా సగం ఆమె చెల్లెలు ఫిలొమేనాది. తండ్రి పోయే ముందు ఇంటిని నడిమికి పంచి, కూతుళ్లిద్దరికీ చెరో తలుపూ చెరో పొయ్యీ మిగిల్చి పోయాడు. ఆ కొండ మీద అలాంటి జంట ఇళ్లు చాలానే ఉన్నాయి గనక ఎవరూ వింతగా చూడలేదు. మధ్యనున్నది చెక్క గోడ. ఇవతల గరిటె జారితే అవతల తెలుస్తుంది. అవతల దగ్గితే ఇవతల నిద్ర చెడుతుంది.

అలాంటి గోడకు చెరో పక్కనా ఉంటూ అక్కచెల్లెళ్లు పదకొండేళ్లు మాట్లాడుకోలేదు.

బుర్గా పెద్దది, నెమ్మదస్తురాలు. కొండ మీంచి వాడూజ్ పట్నానికి పోస్టు బస్సు నడిపే అల్ఫోన్స్ గాస్నర్‌ను పెళ్లాడింది. రెండావులు, ఒక గడ్డిమడి, ఒక కూతురు, వంటిల్లు, ఆదివారం చర్చి, ఇదీ ఆమె లోకం. చిన్నదాన్ని ఊరంతా మేనా అనే పిలిచేది. ఆమె పెళ్లి చేసుకోలేదు. కింద లోయలో కట్టుడు పళ్ల ఫ్యాక్టరీలో పింగాణీ పళ్లకు రంగు కుదిర్చే పని ఆమెది. "మనిషి ఒక్కసారి నవ్వితే చాలు, ఏ పెట్టెలో పన్నో చెప్పేస్తాను" అనేది. నోరున్న మనిషి. చిన్నప్పుడు బళ్లో అక్క జడ లాగినవాడి చెయ్యి కొరికి వచ్చింది. దెబ్బలు తిన్నది మేనా, ఏడ్చింది బుర్గా.

లీచ్‌టెన్‌స్టెయిన్‌లో ఆడవాళ్లకు ఓటు లేని రోజులవి. ఇవ్వాలా వద్దా అని మగవాళ్లే ఓటేసి తేల్చాలి. మొదటిసారి అడిగినప్పుడు కొద్దిలో తప్పిపోయింది. రెండేళ్లు తిరిగేసరికి, డెబ్బై మూడు చలికాలంలో, మళ్లీ అడిగారు. మేనా వాడూజ్ ఆడవాళ్లతో కలిసి వీధుల్లో కరపత్రాలు పంచింది. ఫ్యాక్టరీకి వెళ్లేది మాత్రం బావ బస్సులోనే. వెనక సీట్లవాళ్లు ఈలలు వేసేవారు.

"ఒరే అల్ఫోన్సూ, స్టీరింగు గట్టిగా పట్టుకో. మీ మరదలు అదీ అడిగేట్టుంది."

మేనా వెనక్కి తిరిగి, "నువ్వు ముందు నీ పెళ్లాం చేతిలో తాళాలు అడిగి తెచ్చుకో, తర్వాత బస్సు సంగతి చూద్దాం" అనేది. బస్సంతా గొల్లుమనేది. అల్ఫోన్స్ మాత్రం నవ్వలేకపోయేవాడు. గొడవలంటే గిట్టని మనిషి.

"నువ్వొక్క మాట అనరాదూ, బుర్గా?" అన్నాడు ఒకరోజు భోజనం దగ్గర. "శనివారం హోటలు హాల్లో సభ పెడుతున్నారు. ఆడదే లేచి మాకొద్దంటే ఈ గోల చల్లారుతుంది. నా ప్రాణం హాయిగా ఉంటుంది."

బుర్గా ఆ విషయం అంతవరకూ గట్టిగా ఆలోచించింది లేదు. కావాలనీ అనుకోలేదు, వద్దనీ అనుకోలేదు. మొగుడు అడిగాడు, సరేనంది.

హాలు చుట్టపొగతో నిండి ఉంది. బెంచీల నిండా మగవాళ్లు. రంపపు మిల్లు యజమాని ఓస్వాల్డ్ షెడ్లర్ ఊళ్లో పెద్దమనిషి. "మన బుర్గా వదిన ఏదో చెప్తుందట, వినండి" అని ఆమెను లేపాడు. చెప్పాలనుకున్నది మర్చిపోయింది. నోటికొచ్చింది అనేసింది.

"ఇంటికొక గొంతు చాలు. రెండు గొంతులు లేస్తే ఆవులు బెదిరి పాలివ్వవు."

హాలు గొల్లున నవ్వింది. చప్పట్లు మోగాయి. బీరు గ్లాసులతో బల్లలు చరిచారు. పుట్టి బుద్ధెరిగాక బుర్గా కోసం ఎవరూ చప్పట్లు కొట్టింది లేదు. చెవులు వేడెక్కాయి. ఇంకో మాట కూడా అంటే బాగుండుననిపించింది. తర్వాత తర్వాత ఆమెను కుమ్మరిపురుగులా తొలిచింది ఆ మాట కాదు, ఆ చప్పట్లు అంత తియ్యగా ఉండటం.

మేనా తలుపు దగ్గర నిలబడి వింది. అటునుంచటే వెళ్లిపోయింది.

ఓటు ఆసారి బాగా తేడాతో పోయింది. బుర్గా మాట మాత్రం ఊళ్లో సామెతైపోయింది. బస్సులో, దుకాణంలో, ఫ్యాక్టరీ గేటు దగ్గర మేనా నోరు తెరిస్తే చాలు, "ఇంటికొక గొంతు, మేనా. మీ అక్కే అంది" అనేవారు. ఒకరోజు ఆమె ఇల్లు చుట్టి అక్క గుమ్మంలోకి వచ్చింది.

"మనసులో ఉండే అన్నావా, అక్కా?"

"ఏదో నవ్వులాటకే."

"నవ్వారుగా. బాగానే నవ్వారు."

"దానికింత రాద్ధాంతమా? మీ బావ పరువు కూడా చూడాలి కదే."

"బావ పరువు బావ చూసుకోలేడా? నేను నీ కోసం మనుషుల్ని కొరికాను. నువ్వు నన్ను వాళ్లకి విసిరేశావు."

"పోవే. రెండ్రోజులైతే నువ్వే వస్తావు."

మేనా రాలేదు. పెద్దదాన్ని నేనెందుకు వెళ్లాలని బుర్గా వెళ్లలేదు. రెండ్రోజులు రెండేళ్లయ్యాయి. ఆ పైన మాట్లాడాలంటే ముందు అన్నేళ్ల మౌనానికీ సంజాయిషీ చెప్పుకోవాలి. దాంతో గోడ అలాగే నిలిచిపోయింది. గోడ అవతల మేనా లేవటం, పొయ్యి రాజేయటం, కాఫీ మర పట్టడం, అన్నీ బుర్గాకు తెలిసేవి.

కొన్నేళ్లకు అల్ఫోన్స్ గుండె ఆగి పోయాడు. అంత్యక్రియల్లో మేనా వెనక వరసలో కూర్చుని, అక్కతో చెయ్యి కలపకుండా వెళ్లింది. ఆ మరుసటి ఏడే ఊరిరోడ్డు వెడల్పు చేస్తామంటూ బుర్గా గడ్డిమడికి కొలతలు పెట్టారు. ఆమె అదే హాలుకు వెళ్లి వెనక బెంచీలో కూర్చుంది. మడి కింది భాగంలో ఊట ఉందనీ, అక్కడ తవ్వితే వానాకాలం మట్టి జారుతుందనీ చెప్పాలని లేచింది.

ఓస్వాల్డ్ మర్యాదగానే నవ్వాడు. "వదినా, ఇది ఓటున్నవాళ్ల సభ. నువ్వే అన్నావు కదా, ఇంటికొక గొంతని. మీ ఇంటి గొంతు, పాపం, పోయిన ఏడు పోయింది. అల్లుణ్ని పంపించు, ఆయన చెప్తే వింటాం."

హాలు మళ్లీ నవ్వింది, అంత గట్టిగా కాదు. బుర్గా కూర్చుంది. అల్లుడు బాల్జర్స్ ఊరివాడు, ఆ మడి ఎప్పుడూ తొక్కి చూసింది లేదు. మడి సగం పోయింది. ఇంటికొచ్చి ఆవులకు గడ్డి వేస్తూ, ఈ సంగతి మేనాతో చెప్తే ఎలా మండిపడేదో అనుకుంది. ఆ కోపం తన కోసమే అయుండేది. గోడ దగ్గరికి వెళ్లింది. కాసేపు నిలబడి తిరిగి వచ్చింది.

అంతలో ఎనభై నాలుగు వచ్చింది. ఆ ఏడు అంత చిన్న దేశంలో ఎన్ని జరగాలో అన్నీ జరిగాయి.

ముందు ఫిబ్రవరిలో శీతకాలపు ఒలింపిక్స్. మంచు మీద జారే పందేల్లో దేశానికి రెండు కంచు పతకాలు వచ్చాయి. ఒకటి అబ్బాయిది, ఒకటి అమ్మాయిది. ఆ అమ్మాయి జారుతున్నప్పుడు బుర్గా టీవీ ముందు అల్లిక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గోడ అవతల టీవీ కూడా అదే పాడుతోంది. "తిప్పు, తిప్పు, అటు కాదే, ఇటు" అని అవతల మేనా అరుస్తోంది, ఆవుల్ని తోలినట్టు. ఇవతల తనూ అవే మాటలు అరుస్తున్నట్టు బుర్గాకు పందెం అయిపోయాకగాని తెలియలేదు. రెండు వైపులా ఒక్కసారే నిశ్శబ్దం పడింది. బుర్గా లేచి గోడ మీద తట్టబోయింది. అంతలో అవతల దగ్గు మొదలైంది. లోతైన దగ్గు, ఆగనిది. అది ఆగాక తడదామని నిలబడింది. ఆగేసరికి ధైర్యం పోయింది.

మర్నాడు దుకాణంలో దుకాణదారు భార్య చీజు కోస్తూ అంది: "పతకం మెళ్లో వేసుకున్న పిల్లకి ఓటు లేదు. సోఫాలో పడుకుని చప్పట్లు కొట్టిన మా ఆయనకుంది. ఆయనకి మెట్లెక్కితేనే ఆయాసం."

ఆ ఏడు వేసవిలో మూడోసారి ఓటని అప్పటికే తెలిసిపోయింది. జూలై మొదటి ఆదివారం.

మే నెలలో ఓస్వాల్డ్ టోపీ చేత్తో పట్టుకుని బుర్గా ఇంటికొచ్చాడు. కాఫీ తాగాడు, ఆవుల గురించి అడిగాడు.

"జూన్‌లో మళ్లీ సభ ఉంది, వదినా. ఆ పాత మాటే ఇంకోసారి అంటే బాగుంటుంది. నీ నోట వింటే ఆ రుచే వేరు."

"నేననను, ఓస్వాల్డ్."

"అనకు సరే. దానికి ఎదురు కూడా అనవు కదా?"

బుర్గా కప్పు తీసి కడగడం మొదలుపెట్టింది. ఓస్వాల్డ్ దాన్నే జవాబుగా తీసుకుని వెళ్లాడు.

వారం తిరక్కుండా కింద లోయ నుంచి గెర్డా మార్క్సర్ అనే అమ్మాయి వచ్చింది. ఫ్యాక్టరీలో మేనా దగ్గర పని నేర్చుకున్న పిల్ల.

"అమ్మా, మీరు మా మాట కాదంటారని తెలిసీ వచ్చాను. మేనాగారు వద్దనే అన్నారు. మీ మాట ఇంకా ఇక్కడ నడుస్తోంది. మీరే లేచి, అది తప్పు, నేను వెనక్కి తీసుకుంటున్నానంటే నాలుగు ఓట్లు ఇటు తిరుగుతాయి."

"మేనాకి ఒంట్లో ఎలా ఉంది?"

"మీకు తెలీదా? ఊపిరితిత్తులమ్మా. ఫ్యాక్టరీకి రావటం మానేసి చాన్నాళ్లయింది."

బుర్గాకు తెలియదు. పొద్దున తలుపు వేసిన చప్పుడు వినపడటం లేదని మాత్రం తెలుసు. ఆలస్యంగా లేస్తోందనుకుంది.

"చూద్దాంలే" అంది గెర్డాతో. పిల్ల వెళ్లాక చాలాసేపు ఆ మాటే చెవిలో ఉండిపోయింది. ఏమిటి చూసేది?

సభ రోజు సాయంత్రం బుర్గా మంచి గౌను వేసుకుంది. వంటింట్లో నిలబడి నాలుగైదుసార్లు మాట వల్లెవేసుకుంది. "నేను అప్పుడన్నది తప్పు. మా ఇంట్లో ఇప్పుడు గొంతే లేదు." అంతే, రెండు ముక్కలు. హాల్లో ఈసారి ఆడవాళ్లు ఎక్కువమందే ఉన్నారు. మేనా కూడా వచ్చింది. గోడవార కుర్చీలో, ఎండాకాలంలో శాలువా కప్పుకుని కూర్చుంది. ముఖంలో ముక్కే మిగిలింది.

ఓస్వాల్డ్ మాట్లాడాడు. చివర్లో బుర్గా వైపు చెయ్యి చాపి, "మన వదిన ఎప్పుడో అన్నట్టు, ఇంటికొక గొంతు చాలు. ఆ మాట ఇవాళా నిలబడే ఉంది" అన్నాడు. తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. కొందరు నవ్వారు. గెర్డా ముందుకు వంగి చూస్తోంది.

బుర్గా రెండు చేతులూ బల్ల మీద ఆనించింది. లేవటానికి. ఆ నవ్వే నోళ్లన్నీ ఇప్పుడు మూసుకుంటాయని తోచింది. ఓస్వాల్డ్ ముఖం ఎలా మారుతుందో, రేపు దుకాణంలో ఏమంటారో, చచ్చిన మొగుడి పేరు ఎలా ఎత్తుతారో, అన్నీ ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి. ఈ మాట ఎప్పుడైనా అనొచ్చులే, ఇంకెవరైనా మాట్లాడాక లేద్దాం అనుకుంది. ఇంకెవరో మాట్లాడారు. ఆ తర్వాత ఇంకొకరు. మేనా శాలువా సర్దుకుని, కుర్చీలు పట్టుకుంటూ నెమ్మదిగా బయటికి నడిచింది. సభ అయిపోయింది.

జూలై మొదటి ఆదివారం మగవాళ్లు చర్చి నుంచి నేరుగా వెళ్లి ఓట్లేశారు. మధ్యాహ్నానికి రేడియో చెప్పేసింది. దేశం మొత్తం మీద నూరు పైచిలుకు ఓట్ల తేడాతో ఆడవాళ్లకు ఓటు వచ్చింది. ఊళ్లో ఎవరూ మనసు బయటపెట్టలేదు. దుకాణదారు భార్య మాత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని, వచ్చేపోయే మగవాళ్లందరికీ "నమస్కారమండీ, నమస్కారం" అని పేరుపేరునా చెప్పింది.

బుర్గా పిండి కలిపింది. చీజు తురిమి, వేడినీళ్లలో పిండి ఉండలు వదిలి, పైన వేయడానికి ఉల్లిపాయలు వేయించింది. ఆపిల్ గుజ్జు గిన్నెలోకి తీసింది. పళ్లెం చేత్తో పట్టుకుని ఇల్లు చుట్టి వెళ్లి చెల్లెలి తలుపు తట్టింది.

మేనా తలుపు తీసి పళ్లెం వంక చూసింది.

"ఇన్నేళ్లైనా ఉల్లిపాయలు మాడ్చడం మానలేదన్నమాట."

"తింటావా, పట్టుకెళ్లమంటావా?"

"లోపలికి రా. నిలబడలేను."

చిన్నప్పుడు ఇద్దరూ పడుకున్న గదిలో ఇప్పుడు మేనా మంచం, మందు సీసాలు, గోడకు పింగాణీ పళ్ల నమూనాల పలక. మేనా రెండు చెంచాలు తిని ఆపేసింది.

"గెలిచారుగా మేనా" అంది బుర్గా.

"గెలిచాం. గెలిచాక వచ్చావు. ఓడిన రోజు గోడ మీద ఒక్కసారి తట్టి ఉంటే సరిపోయేది."

"ఆరోజు సభలో నేను లేద్దామనే అనుకున్నాను. నిజం."

"నాకు తెలుసు. చేతులు బల్ల మీద పెట్టావు. చూశాను."

"మరి..."

"అందుకే వెళ్లిపోయాను, అక్కా. నువ్వు లేవకపోవడం కళ్లారా చూడలేక."

బుర్గా ఏడ్చింది. మేనా ఊరడించలేదు, తిట్టనూ లేదు. కాసేపటికి, "సర్లే, ఆ ఆపిల్ గుజ్జు ఇలా ఇవ్వు. అది గొంతు దిగుతుంది" అంది.

ఆ రోజు నుంచి బుర్గా రెండు పొయ్యిలూ తనే వెలిగించింది. మాటలు వచ్చాయిగాని, మునుపటిలా రాలేదు. పదకొండేళ్లలో మేనాకు ఏమేం జరిగిందో బుర్గాకు తెలియదు. ఎవరో కొండ కిందివాడు పెళ్లి చేసుకుంటానని వచ్చాడట, ఆమె కాదందట. అది ఇప్పుడు అడిగితే, "అప్పుడు చెప్పుకోవాలనిపించింది. ఇప్పుడు చెప్పడానికేముంది?" అంది మేనా.

ఆగస్టు మధ్యలో జాతీయ దినం. పోయిన ఏళ్లలో మేనా వాడూజ్‌లో రాజుగారి కోట పక్క మైదానానికి వెళ్లేది, ఈసారి మెట్లు దిగలేకపోయింది. ఇద్దరూ వసారాలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. కొండల మీద నెగళ్లు వెలిగాయి, కింద వాడూజ్ మీద టపాకాయలు పేలాయి. శబ్దం ఆలస్యంగా కొండ ఎక్కి వచ్చింది. ఆ నెలాఖరుకే ముసలి రాజుగారు పరిపాలన కొడుక్కి అప్పగించారని పేపర్లో వచ్చింది. బుర్గా చదివి వినిపించింది.

"మంచి పని చేశాడు. ఓపికున్నప్పుడే అప్పగించాలి" అంది మేనా. "నేనెవరికి అప్పగించను? పళ్ల పలక గెర్డాకి ఇచ్చెయ్యి. ఓటు నీకిచ్చేస్తా."

"అలా మాట్లాడకే. ఎన్నికలొస్తే ఇద్దరం కలిసే వెళ్దాం."

"ఎప్పుడట ఎన్నికలు?"

"వచ్చే ఏడు కాక ఆ పై ఏడు చలికాలమట."

మేనా నవ్వింది. దగ్గు వచ్చి నవ్వు తెగిపోయింది.

అక్టోబరులో, దక్షిణపు వేడిగాలి కొండలు దిగి ఆకులన్నీ రాల్చిన వారంలో మేనా పోయింది. శవపేటిక వెనక ఫ్యాక్టరీ ఆడవాళ్లు, వాడూజ్ ఆడవాళ్లు పెద్ద గుంపుగా వచ్చారు. అందులో గెర్డా తప్ప ఎవరూ బుర్గాకు తెలియదు. ఓస్వాల్డ్ కూడా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, "గట్టి మనిషి, వదినా" అన్నాడు. అవునంది బుర్గా. ఇంతకు మించి ఆయనతో అనాల్సినవి చాలా ఉన్నాయి. ఆరోజూ అనలేదు.

ఎనభై ఆరు చలికాలంలో బుర్గా మంచులో నడిచి వెళ్లి మొదటిసారి ఓటేసింది. పార్టీల కాగితాల్లో ఒకదాన్ని కవరులో పెట్టి పెట్టెలో వేయడం, అంతే. బయటికొచ్చాక కూతురు, "ఎలా ఉందమ్మా?" అని అడిగింది. "కాళ్లు చల్లబడ్డాయి, పద" అంది. ఆ తర్వాత వచ్చిన ఏ ఓటూ ఆమె మానలేదు. రోడ్డుకైనా, బడికైనా, అన్నిటికీ వెళ్లింది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు ఆమెను చూసి, ఈవిడ ఆ రోజుల్లో పోరాడినవాళ్లలో ఒకరట అని చెప్పుకోవడం మొదలుపెట్టారు.

"నేను కాదమ్మా, మా చెల్లెలు" అనేది బుర్గా.

"ఎంత అణకువో" అనుకునేవారు వాళ్లు.

ఓటు వచ్చి పదేళ్లైన సందర్భంగా వాడూజ్ నుంచి ఒకమ్మాయి టేపురికార్డరు పట్టుకుని వచ్చింది. బుర్గా ఆమెకు అంతా చెప్పింది. హాలు, చప్పట్లు, అవి ఎంత బాగున్నాయో, బల్ల మీద పెట్టిన చేతులు, అన్నీ. అమ్మాయి మధ్యలో టేపు ఆపి, "ఇది కూడా పెట్టమంటారా, అమ్మమ్మా?" అని మెల్లగా అడిగింది.

"పెట్టు. దానికోసమే చెప్తున్నాను."

హేమంతంలో హాల్లో ఆ రోజుల పోరాటం ఫొటోలు పెట్టారు. బుర్గా కర్ర పట్టుకుని చూడటానికి వెళ్లింది. మూడో బోర్డు మీద అక్కచెల్లెళ్లిద్దరి పాత ఫొటో ఉంది, గడ్డికోతల నాటిది, ఇద్దరికీ తలగుడ్డలు. కింద రాసి ఉంది: "ఓటు హక్కు కోసం నిలబడ్డ ఒకే ఇంటి అక్కచెల్లెళ్లు."

కాపలా మనిషిని పిలిచింది. "ఇది తప్పు, నాయనా."

అతను కళ్లజోడు సర్దుకుని చదివాడు. "ఏది, మామ్మగారూ? పేర్లు తారుమారయ్యాయా?"

"పేర్లు సరిగ్గానే ఉన్నాయి" అంది బుర్గా. ఇంకా ఏదో చెప్పబోయింది. వెనక వరసలో జనం బోర్డు చూడటానికి ఎదురుచూస్తున్నారు. ఆమె పక్కకు తప్పుకుంది.